పూల్ దాటేదాకా

ఉప్పుగూడ స్టేషనులో లోకల్ రైలు కోసం నిలబడి సక్కుబాయి మూడోసారి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పక్కనే ఉన్న కొడుకు బాలరాజ్ విసుక్కున్నాడు.

"మంచిగనే ఉన్నదమ్మా. పెండ్లికి పోతున్నమా ఏంది?"

"పెండ్లికంటె ఎక్కువనే. పిల్ల పెన్ను పెట్టుకున్నదో లేదో."

"గది సదిరే పరీక్షకు పెన్నెందుకు? అయినా పొద్దున ఆరింటికి నువ్వే కదా గల్లీ చివరిదాకా పోయి సాగనంపొచ్చినవ్. అప్పుడే అడగకపోయినవా?"

అడిగింది. రెండుసార్లు అడిగింది. మనవరాలు వర్షిత బ్యాగు తెరిచి చూపించింది కూడా. అయినా అదే ఆలోచనతో ఇంటికి తిరిగొచ్చింది. వాకిట్లో చీపురు పట్టుకున్న కోడలిని చూసి "ఆగవే, పిల్ల ఇంకా స్టేషను చేరలే" అని అరిచింది. కోడలు నవ్వి చీపురు గోడకానించింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అత్తతో ఆ ఒక్క విషయంలో వాదించి లాభం లేదని మొదటి నెలలోనే తెలుసుకుంది.

మనిషి గడప దాటగానే వెనకే ఊడ్వకూడదన్నది అందరిళ్ళలో ఉన్నదే. సక్కుబాయికి మాత్రం అది ప్రాణం మీదికొచ్చే సంగతి. ఆమె భర్త మొగులయ్య బేగంబజార్‌లో హమాలీ. నలభై ఆరేళ్ళ కిందట ఒక పొద్దున సద్ది పట్టుకుని బయల్దేరాడు. ఆ రోజు చుట్టాలు వస్తున్నారని సక్కుబాయి తొందరపడింది. ఆయన గల్లీ మలుపు తిరగకముందే వాకిలి ఊడ్చేసింది. పదకొండింటికి మిరపకాయల బస్తా మోస్తూ మొగులయ్య కుప్పకూలాడు. అప్పటికి బాలరాజ్‌కు నాలుగేళ్ళు. చీపురుకీ మనిషి గుండెకీ సంబంధం లేదని సక్కుబాయికి తెలుసు. పేపరు చదివే మనిషి ఆమె. కానీ ఆ తెలిసిన సంగతి తల దగ్గరే ఆగిపోయింది. చేతులదాకా ఎన్నడూ దిగలేదు.

ఆ చేతులకే దేవుడు ఊడ్చే పని చూపించాడు. మొగులయ్య పోయిన రెండు నెలలకు, ఆయన బస్తాలు మోసిన వీధిలోనే ఒక లాడ్జిలో సేఠ్ ఆమెను పనికి పెట్టుకున్నాడు. రెండంతస్తులు, పద్నాలుగు గదులు. షాద్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట నుంచి చిన్న చిన్న దుకాణందార్లు గిన్నెలు, కిరాణా సామాను టోకున కొనుక్కోవడానికి వచ్చి ఒకటి రెండు రాత్రులు ఉండేవారు. మొదటిరోజే పైగది ఖాళీ అయింది. గుమాస్తా చీపురు చేతికిచ్చి "జల్దీ కానీ, ఇంకొక బేరం కింద నిలబడ్డది" అన్నాడు. సక్కుబాయి కిటికీలోంచి చూసింది. గదిలోంచి వెళ్ళిన మనిషి కింద ఇంకా రిక్షా ఎక్కుతున్నాడు.

ఆమె చీపురు తలుపు వెనక నిలబెట్టింది. దుప్పట్లు లాగింది, దిండు దులిపింది, మంచం కింద వంగి చెయ్యి తిప్పింది, స్నానాలగది రుద్దింది. పాలమూరు బస్సు కోసం వెళ్ళే రిక్షా మూసీ మీది పురానాపూల్ వంతెన దాటి ఉంటుందని తోచినప్పుడు చీపురు పట్టింది. అప్పటికి పావుగంట. ఎందుకాగిందో అడిగి తెలుసుకున్న గుమాస్తా మెట్లమీద నిలబడి వెక్కిరించాడు.

"ఏం సక్కుబాయీ, పూల్ దాటిండా నీ చుట్టం?"

"దాటిండు భయ్యా. ఇగ ఊడుస్త."

ఆ మాట లాడ్జిలో నిలిచిపోయింది. తర్వాత్తర్వాత సేఠ్ కూడా గది తయారైందా అని అడగడం మానేసి "పూల్ దాటిండా?" అనే అడిగేవాడు. కసురుకోవడం కూడా మానేశాడు. ఎందుకంటే ఆ పావుగంటలో దిండు కింద కళ్ళజోడు దొరికేది, మంచం కోడు పక్కన దుకాణం తాళంచెవి దొరికేది, ఒకసారి పసిపిల్ల కాలిపట్టీ దొరికింది. సక్కుబాయి వాటిని పట్టుకుని మెట్లు దిగి ఉరికేది. చీపురు ముందు పట్టి ఉంటే అవన్నీ చెత్తలో కలిసిపోయేవే. ఆ దుకాణందార్లు మళ్ళీ ఆ లాడ్జికే వచ్చేవారు.

వాళ్ళు వదిలేసిపోయిన పేపర్లతోనే ఆమె అక్షరాలు నేర్చుకుంది. మొదట దుకాణాల బోర్డులతో పోల్చుకుంటూ, తర్వాత కూడబలుక్కుంటూ, చివరికి సంపాదకీయం దాకా వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు చేసింది అక్కడ. రోజూ ఎవరో ఒకరు వెళ్ళిపోవడమే చూసింది. తను సాగనంపినవాళ్ళెవరికీ ఏమీ కాలేదన్నది ఆమెకు లోలోపలి ధైర్యం.

బాలరాజ్‌కు మాత్రం ఆ లాడ్జి అంటే గిట్టేది కాదు. బడిలో పిల్లలు "లాడ్జి పోరడు" అని ఏడిపించారు. అప్పటినుంచి ఎవరడిగినా "మా అమ్మ సేఠ్ దుకాణంల పని చేస్తది" అనే చెప్పాడు. ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం వచ్చాక తల్లిని పని మాన్పించిన రోజు అతనికి పండగే. అందుకే మూడేళ్ళ కిందట, ఇంటరు అయిన కూతురు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానన్నప్పుడు ఇల్లు ఎగిరిపోయేంత లొల్లి చేశాడు.

"మా అమ్మ గా చీపురు పట్టి పట్టి నడుం పోగొట్టుకున్నది. నువ్వు ఫీజు కట్టి మరీ నేర్చుకుంటవా? బీకాం చెయ్యరాదు?"

"చీపురొక్కటే కాదు బాపూ. వంట, లెక్కలు, మనుషులతోని మాట్లాడుడు, ఒక బిల్డింగు మొత్తం నడిపించుడు, అన్నీ ఉంటయి."

"ఏమున్నా అది లాడ్జే కదా!"

పక్కింటి రుక్మాబాయి పాలు పోస్తూ తన మాటా కలిపింది. "పక్కలు పరుసుడు నేర్పనీకి కాలేజీలు కూడ పెట్టిన్రా? నేను నేర్పుత రావే, ఫీజొద్దు. పొద్దునొక గ్లాసు చాయ్ పోయి, చాలు."

అందరూ నవ్వారు. వర్షిత నవ్వలేదు. నానమ్మ వైపు చూసింది. సక్కుబాయి కొడుకు వైపు తిరిగింది. ఒక్క మాట అంది.

"నేను చేసిన పనికి చదువు ఉందంటే, నాకు సిగ్గనిపిస్తలేదురా. గొప్పగనే ఉన్నది."

బాలరాజ్ సంచి భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. తర్వాతి వారం వెళ్ళి ఫీజు కట్టాడు. కానీ డిపోలో ఎవరడిగినా "డిగ్రీ చదువుతున్నది" అని ఊరుకునేవాడు.

ఈ మూడేళ్ళలో ఇంట్లో ఉన్న ఒక్క మంచం ఎన్ని వందలసార్లు పరుచుకుందో లెక్కలేదు. దుప్పటి మూలలు ఉత్తరం కవరులాగా మడిచి పరుపు కింద దోపడం పిల్ల నేర్పితే, ముడత మీద తడి అరచెయ్యి రాసి ఇస్త్రీ చేసినట్టు చేయడం నానమ్మ నేర్పింది. గది తయారుచేసే వరుస పది పనులుగా కాలేజీవాళ్ళు కాయితం మీద ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంటే నానమ్మ కోసం వర్షిత తెలుగులో రాసి గోడకంటించింది. అందులో మొదటి మాట, ఊడ్వడం.

"ఎవడు రాసిండే ఇది? మనిషి పోంగనే ఊడ్చుడేంది?" అని మొదట్లో సక్కుబాయి మండిపడింది. పరీక్ష దగ్గరపడేసరికి ఆమే వెనక్కి తగ్గింది. నిన్న రాత్రి అన్నం తింటూ పదిసార్లు చెప్పింది. "నా పిచ్చి నాతోని పోనీ బిడ్డా. రేపు మాత్రం కాయితంల ఉన్నట్టే చెయ్యి. ముందు ఊడ్చు."

"సరే నానమ్మా. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటుంది? ఒక పెద్ద హోటల్ వాళ్ళు వస్తున్నారు. పరీక్షకు నిలిచిన నలుగురిలో ఇద్దరిని తీసుకుంటారు. ఆరు నెలలు పుణెలో పని నేర్పి, తర్వాత ఉద్యోగమిస్తారు. తీసుకోకపోతే పిల్ల కుమిలిపోతుంది. బాలరాజ్ "నేను ముందే చెప్పిన" అంటాడు. తీసుకుంటే పిల్ల వెళ్ళిపోతుంది. సక్కుబాయికి రెండూ భయమే. అయినా రైల్లో కూర్చుని, యాకుత్‌పురా, డబీర్‌పురా దాటేదాకా రెండో భయాన్నే కోరుకుంటూ వచ్చింది.

విద్యానగర్ దగ్గర కాలేజీ. మొదటి అంతస్తులో అచ్చం హోటల్ గదిలాగా ఒక గది కట్టారు. మంచం, అద్దం, కిటికీ, స్నానాలగది, అన్నీ ఉన్నాయి. గోడలు మాత్రం మూడే. నాలుగో గోడ ఉండాల్సిన చోట బెంచీలు వేసి ఇళ్ళవాళ్ళను కూర్చోబెట్టారు. ఎవరూ మాట్లాడకూడదని చెప్పారు. హోటల్ నుంచి వచ్చిన షారోన్ మేడం పొట్టి జుట్టుతో, చేతిలో మార్కులు రాసే అట్టతో ఒక మూల నిలబడింది. అతిథి వేషం కాలేజీ పాత లెక్చరర్ ఆనందరావుది. డెబ్బై దాటిన మనిషి, మోకాలి నొప్పి. పిల్లలు ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు. ఆనందరావు సంచి పట్టుకుని గది ఖాళీ చేసి వెళ్తాడు. గదిని తర్వాతి అతిథికి తయారు చెయ్యాలి.

మొదటి పిల్ల గాలివానలా చేసింది. ఆనందరావు గుమ్మం దాటాడో లేదో చీపురు పట్టింది. నేల తుడుచుకుంటూ, పక్క మార్చుకుంటూ పోయింది. దిండు కింద మందుగోలీల అట్ట దొరికింది. అది మేడం కావాలని పెట్టించిందే. పిల్ల దాన్ని కవరులో వేసి, చీటీ రాసి పక్కన పెట్టింది. గంట మోగకముందే ముగించింది. రెండో అబ్బాయి, మూడో అమ్మాయి కూడా అంతే. చీపురు, పక్క, గోలీలు, కవరు, చీటీ. ముగ్గురూ చురుకైనవాళ్ళే. సక్కుబాయి ముగ్గురి చేతులూ చూసి ముగ్గురికీ మనసులోనే మార్కులు వేసింది. దుప్పటి మూలలు మాత్రం తన మనవరాలివే బాగుంటాయనుకుంది.

నాలుగోది వర్షిత.

తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, జుట్టు వెనక ముడి. ఆనందరావుకు నమస్కారం పెట్టింది. "మళ్ళా రండి సార్" అంది. ఆయన సంచి పట్టుకుని మెల్లగా గుమ్మం దాటాడు. ఇరవై నిమిషాల లెక్క మొదలైంది. వర్షిత చేతిలో చీపురు ఉంది.

ఊడ్చు బిడ్డా, అనుకుంది సక్కుబాయి.

వర్షిత ఒక్క క్షణం ఆగింది. బయట మెట్ల మీద ఆనందరావు చెప్పుల చప్పుడు ఒకటొకటిగా వినపడుతోంది. పిల్ల చీపురు తీసుకెళ్ళి తలుపు వెనక నిలబెట్టింది.

సక్కుబాయి బెంచీ మీద ముందుకు వంగి చూసింది. తలుపు వెనక, పిడి పైకి, గోడకు ఆనించి నిలబెట్టింది. అచ్చం తను నిలబెట్టినట్టే. పిల్లకు మంచం పరచడం నేర్పానని మురిసిపోయింది ఇన్నాళ్ళూ. పిచ్చి కూడా నేర్పిందన్నమాట! నలభై ఆరేళ్ళ కిందటి తన భయం వచ్చి ఈ పిల్ల చేతుల్లో కూర్చుంది. పోయింది, పిల్ల పరీక్ష తన మూలంగానే పోయింది. నోరు తెరవబోయింది. బాలరాజ్ ఆమె ముంజేయి గట్టిగా పట్టుకున్నాడు. అతనికీ అర్థమైంది.

లోపల వర్షిత కిటికీ తెరిచింది, పక్క లాగింది. దిండు ఎత్తగానే గోలీల అట్ట కనపడింది. దాన్ని కవరులో వెయ్యలేదు. పట్టుకుని గుమ్మం దాటి ఉరికింది. మెట్ల మీదినుంచి మాటలు వినపడ్డాయి.

"సార్, మీ గోలీలు. దిండు కింద మర్చిపోయిండ్రు."

"అరెరె! థాంక్స్ అమ్మా."

"మెల్లగ దిగండి సార్, ఆఖరి మెట్టు ఎత్తున్నది."

తిరిగొచ్చి పనిలో పడింది. స్నానాలగది, అద్దం, కుళాయి, కొత్త దుప్పటి. మూలలు కత్తితో కోసినట్టు కూర్చున్నాయి. తడి అరచెయ్యి ముడత మీద రాసింది. బెంచీల్లో ఎవరో "అబ్బ" అన్నారు. అన్నీ అయ్యాక కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి తొంగి చూసింది. ఆనందరావు గేటు పక్క బల్ల దగ్గరికి చేరాడు. అప్పుడు చీపురు తీసింది. మంచం కిందినుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు ఊడ్చుకుంటూ వచ్చింది. సగంలో గంట మోగింది.

"టైమ్ అయిపోయింది" అంది షారోన్ మేడం.

"సగం ఊడ్చిన గది వదలలేను మేడం. ఒక్క నిమిషం" అని వర్షిత చెత్త ఎత్తేదాకా ఆగలేదు.

మేడం అట్ట మీద ఏదో రాసింది. రాయడం చాలాసేపు పట్టింది.

"వరుసలో మొదటిదేంటి?"

"ఊడ్వడం మేడం."

"నువ్వు చివర చేశావు. మర్చిపోయావా?"

"లేదు మేడం. గుర్తుంది."

"మరి?"

వర్షిత చీపురు పక్కన పెట్టి మేడం వైపు తిరిగింది. "సార్ ఇంకా మెట్ల మీదనే ఉన్నరు మేడం. ఆయనకు వినబడేటట్టు చీపురు ఎత్తబుద్ధి కాలే. కాయితంల ఉన్నట్టే చేద్దామనుకునే వచ్చిన. చేతులు ఒప్పుకోలే."

కింది నుంచి ఆనందరావును పిలిపించారు. మేడం ఆయన్నొక్కటే అడిగింది. "సార్, నాలుగుసార్లు గది ఖాళీ చేశారు. ఏమైనా తేడా అనిపించిందా?"

ఆయన మోకాలు రుద్దుకుంటూ ఆలోచించాడు. "ఇది ఉత్త నాటకమేనని నాకు తెలుసు కదమ్మా. అయినా వెనక చీపురు చప్పుడు వినపడేసరికి, ఎవరో పొమ్మన్నట్టు కాళ్ళు తొందరపడ్డాయి. ఇందాక మాత్రం నా మోకాలు చెప్పినట్టు దిగాను. గోలీలు చేతికొచ్చింది కూడా ఈసారే. మిగతా మూడుసార్లు అవి కవర్లోనే ఉన్నాయి."

షారోన్ మేడం వర్షిత వైపు తిరిగింది. "ఇది నీకు ఎవరు నేర్పారు?"

వర్షిత కళ్ళు బెంచీల వైపు మళ్ళాయి. నానమ్మను కాదు, తండ్రిని చూసింది. చెప్పనా వద్దా అన్నట్టు చూసింది. ఇంట్లో అందరికీ తెలుసు, బయట లాడ్జి మాట చెప్పకూడదని.

బాలరాజ్ లేచి నిలబడ్డాడు. బస్సులో అరవై మంది మధ్య టికెట్లు అడిగే గొంతు అతనిది.

"మా అమ్మ నేర్పింది మేడం. బేగంబజార్ల లాడ్జిల ముప్పై ఒక్క ఏండ్లు గదులు సదిరింది. గీమెనే మా అమ్మ. సక్కుబాయి."

నలభై ఏళ్ళుగా "దుకాణం" అంటూ వచ్చిన నోటినుంచి "లాడ్జి" అన్న మాట వినగానే సక్కుబాయికి కళ్ళు మసకబారాయి. లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు. లేవబోతుంటే షారోన్ మేడమే బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఎంతసేపు ఆగేవాళ్ళు అమ్మా?"

"పూల్ దాటేదాకా మేడం. పురానాపూల్. పావుగంట."

"గడియారం చూసుకునేవారా?"

"గడియారమెక్కడిది? రిక్షావాడు ముసలోడైతె ఇంకొక కుళాయి తోమేదాన్ని. పడుచోడైతె జల్దీ ఊడ్చేదాన్ని."

మేడం గట్టిగా నవ్వింది. బెంచీలన్నీ నవ్వాయి. సక్కుబాయి మాత్రం ఆమె చెయ్యి పట్టుకుంది. "మేడం, అది నా పిచ్చి. పిల్లది కాదు తప్పు. మార్కులు నావి కొయ్యుండి."

"టైముకు, వరుసకు మార్కులు కోస్తానమ్మా. కొయ్యక తప్పదు" అంది షారోన్ మేడం. "కానీ అతిథి వినేటట్టు గది ఊడ్వొద్దని మా వాళ్ళకి ఎప్పటినుంచో చెప్తున్నాను. చెప్పించుకోకుండా చేసినవాళ్ళను ఇవాళే చూశాను."

మధ్యాహ్నం పేర్లు చదివారు. మొదటి పేరు గాలివానలా చేసిన పిల్లది. రెండోది వర్షితది. తిరుగు రైల్లో బాలరాజ్ డిపోకు ఫోను చేశాడు. ఎవరో ఏమడిగారో గానీ "మా బిడ్డ హోటల్ లైనుల సెలెక్ట్ అయింది భాయ్! మా అమ్మ లైనే!" అని పెట్టెలో అందరూ తిరిగి చూసేలా అరిచాడు. సక్కుబాయి కిటికీ వైపు తిరిగి మురిసిపోయింది. సాయంత్రం రుక్మాబాయి పాలతోపాటు పావుకిలో కోవా తెచ్చింది. "పక్కలు పరుసుడు నేర్చుకుంటె పుణె దాకా తోల్కపోతరా? నేను కూడ రానా?" అంది.

ఇరవై రోజులకు ప్రయాణం వచ్చింది. రాత్రంతా సక్కుబాయి నిద్రపోలేదు. పెన్ను, తాళంచెవి, ఫోను తీగ, గోలీలు, అన్నీ పెట్టుకున్నదా అని లేచి లేచి అడిగింది. పొద్దున ఆటో వచ్చింది. పిల్లను సాగనంపడానికి తల్లీ తండ్రీ కూడా ఎక్కారు. "నేను ఇక్కడనే ఉంట" అంది సక్కుబాయి. స్టేషనులో రైలు కదలడం ఆమె చూసి తట్టుకోలేదు. ఇల్లు చూసుకోగలదు.

ఆటో గల్లీ మలుపు తిరిగింది. ఆమె లోపలికొచ్చి, చీపురు తలుపు వెనక ఉందో లేదో చూసింది. ఉంది. అలవాటు కొద్దీ పిల్ల పడుకున్న మంచం దగ్గరికెళ్ళింది, పక్క తీద్దామని. పక్క అప్పటికే వేసి ఉంది. కొత్త దుప్పటి, మూలలు కవరు మడత, ముడత లేదు. దిండు ఎత్తింది. ఏమీ లేదు. మంచం కింద వంగి చెయ్యి తిప్పింది. అక్కడా ఏమీ లేదు. పిల్ల తన గది తనే ఖాళీ చేసి, తనే తయారుచేసి వెళ్ళింది. ఏదీ మర్చిపోలేదు.

"పనిమంతురాలు" అంది సక్కుబాయి గట్టిగా, ఇంట్లో ఎవరూ లేకపోయినా.

పావుగంట దాటింది. గంట దాటింది. కొడుకూ కోడలూ తిరిగొచ్చారు. చెత్త అలాగే ఉంది. బాలరాజ్ గడప మీద తల్లి పక్కనే కూర్చుని గడియారం చూస్తున్నాడు. పదిన్నరకు ఫోను మోగింది. రైలు చప్పుడులో వర్షిత గొంతు.

"నానమ్మా! వికారాబాద్ దాటిన. మంచిగ సీటు దొరికింది. ఇంకా ఊడ్వలే కదా?"

"లేదు బిడ్డా."

"పూల్ దాటినట్టే అనుకో. ఇగ ఊడ్చుకో."

సక్కుబాయి లేచి తలుపు వెనక్కి చెయ్యి పెట్టింది. చీపురు అక్కడ లేదు. ఫోను మాట వింటూనే గడప మీదినుంచి లేచిన బాలరాజ్ అప్పటికే దాన్ని తీసుకుని, మంచం కిందినుంచి మొదలుపెట్టి, గుమ్మం వైపు ఊడ్చుకుంటూ వస్తున్నాడు.

"మూలలు వదిలేస్తున్నవ్ రా" అంది ఆమె.